చెన్నపట్టణపు మ్యూజియములోని శిలాసేకరణ: మదనపల్లె, పుంగనూరు, కుప్పము దృష్టితో ఒక విమర్శ

భారతదేశపు భూవిజ్ఞాన చరిత్రలో 1851వ సంవత్సరము రెండు విధములుగ జ్ఞాపకముంచుకొనదగినది. ఆ సంవత్సరము మార్చి నెలలో తామస్ ఓల్డ్‌హామ్ కలకత్తాలో దిగి, భారత భూవిజ్ఞాన పరిశీలన శాఖకు పునాది వేసెను. అదే సంవత్సరము చెన్నపట్టణములో మద్రాసు సాహిత్య సంఘమువారు తమ యొద్ద పోగుపడిన సుమారు 1,100 శిలా ఖనిజ నమూనాలను ప్రభుత్వమున కప్పగించిరి. వానితోనే ప్రభుత్వ ప్రదర్శనశాల ప్రారంభమైనది. సంఘము పేరు సాహిత్య సంఘమే గాని, 1833 నుండి ఆ సంఘమువారు నడపిన పత్రికలో సాహిత్యముతోపాటు విజ్ఞానమునకును చోటుండెను. దక్షిణదేశమున తిరుగాడిన సైనికోద్యోగులు, వైద్యులు తాము చూచిన కొండలను, గనులను గూర్చి అందులో వ్రాయుచుండిరి. వ్రాతలతోపాటు రాళ్లను గూడ పంపుచుండిరి.

నేడు ఎగ్మూరులోని ఆ శాలకు వెళ్లువారు అమరావతి శిల్పములను, చోళుల కాలపు కంచు విగ్రహములను చూచుటకు వెళ్లుదురు. రాళ్ల గదిలో నిలుచువారు తక్కువ. అయినను ఆ యింటికి తొలిచూలు ఈ రాళ్లే. శిల్పములకు ముందే శిలలు వచ్చినవి.

ఈ సేకరణ ఒక తెలుగు విద్యార్థికి, అందును మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల విద్యార్థికి ఏమి చెప్పగలదు, ఏమి చెప్పలేదు అనునదే ఈ వ్యాసమున విచారింపబడు విషయము. ఈ మూడు ఊళ్లను ఎన్నుకొనుటకు కారణము కలదు. ఇవి సముద్రతీరమునుండి దూరముగ, మైసూరు పీఠభూమి తూర్పు అంచున ఉన్నవి. ఇచ్చటి పాఠశాలలో ఏ కిటికీ తెరచినను కనబడునది బండయే. దానికి తోడు, ఈ సేకరణ పెరిగిన కాలములో ఈ మూడు ఊళ్లును మద్రాసు రాజధానిలోనివే. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోనిది. పుంగనూరు ఒక జమీందారీ. కుప్పము కంగుంది జమీందారీలోనిది. ఈ రెండును ఉత్తర ఆర్కాటు జిల్లాలో చేరియుండెను. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు గాని ఈ మూడును ఒకే జిల్లా పేరు క్రిందికి రాలేదు. ఈ సంగతి కేవలము రెవెన్యూ చరిత్ర వలె కనబడును గాని, ప్రదర్శనశాలలోని రాతికి దీనితో గట్టి సంబంధము కలదు. అది ముందు తెలియగలదు.

శాలకు మొదటి అధికారి ఎడ్వర్డ్ బాల్ఫర్ అను వైద్యుడు. అతడు 1851 నుండి 1859 వరకు ఆ పనిని చూచెను. నుంగంబాకములోని కళాశాల భవనములో మొదలైన శాలను 1854లో ఎగ్మూరులోని పాంథియన్ తోటకు మార్చినదియు అతని కాలముననే. బాల్ఫర్ వట్టి గుమాస్తా స్వభావము గలవాడు కాడు. ఇనుప ఖనిజములను, ఇనుము ఉక్కు తయారును, బొగ్గును గూర్చి మద్రాసు రాజధాని అంతటికి చెందిన ఒక నివేదికను 1855లో ప్రకటించెను. పిమ్మట భారతదేశమును గూర్చి ఒక పెద్ద విజ్ఞానసర్వస్వమును వ్రాసి, అందు వస్తువులకు దేశభాషలలోని పేర్లను, తెలుగు పేర్లతో సహా, చేర్చెను. వైద్యుడై యుండి రాళ్లను, చెట్లను, జంతువులను ఒక్కచో చేర్చి ప్రజలకు చూపవలెనన్న అతని పట్టుదలను మెచ్చుకొనవలసినదే. శాలలో బ్రతికియున్న పులిని గూడ ఉంచి, రాళ్లకు రాని జనమును పులికొరకు రప్పించినవాడు అతడు.

అయితే ఆ 1855 నాటి నివేదిక పేరు చూచిననే అప్పటి సేకరణ స్వభావము బయటపడును. ఇనుము, ఉక్కు, బొగ్గు అనునవే ఆనాటి ప్రశ్నలు. 1851లో లండనులో జరిగిన మహా ప్రదర్శనమునకు దేశములన్నిటినుండి ముడిసరకులు పోయిన కాలమది. ఏ రాయి అమ్ముడుపోవును, ఏ ఖనిజము కరగించిన లోహమిచ్చును అను విచారణ ముందు నడచెను. ఈ నేల ఎట్లేర్పడినది అను విచారణ వెనుక నడచెను. కంపెనీ ప్రభుత్వము వ్యాపారసంస్థగా పుట్టినది. అది పెట్టిన బీరువాలో వ్యాపారము కనబడుట వింత కాదు. దీని ఫలితముగ లోహమిచ్చు రాయికి, మెరుగుపెట్టదగిన రాయికి ఇట్టి సేకరణలలో పెద్దపీట దొరకినది. నూటికి తొంబది పాళ్లు నేలను మోయుచున్న సామాన్యపు బండ వెనుకబడినది.

మదనపల్లె బండ అట్టిదే. ఊరి చుట్టును, హార్స్‌లీ కొండల దారిలోను కనబడునది గ్రానైటు, గ్రానైటును పోలిన చారల నైసు శిల. తెలుపు, గులాబిరంగు కలిసిన ఫెల్స్‌పారు, గాజువలె మెరయు పలుగు, నల్లని అభ్రకము, హార్న్‌బ్లెండు, ఇవే దానిలోని ముఖ్య ఖనిజములు. ఏనుగు మల్లమ్మ కొండ అని పేరుపొంది, పిమ్మట కడప కలెక్టరు పేర హార్స్‌లీ కొండ అయిన ఆ గుట్ట సుమారు 1,265 మీటర్ల ఎత్తు గలది. దానిపై నిలిచి చూచినచో క్రింద గుండ్లు ఒకదానిపై నొకటి పేర్చినట్లు కనబడును. ఎవరును పేర్చలేదు. బండలోని పగుళ్ల వెంట నీరు దిగి, పగుళ్ల మూలలను మొదట తినివేయగా మిగిలిన గుండెకాయలే ఆ గుండ్లు.

ఈ బండతో ఇచ్చటి జనమునకు గల పరిచయము ఏ నివేదిక కన్న పాతది. పొలము గట్టున నాటు కూసములు, ఇంటి ముందరి అరుగు, రోలు, తిరగలి అన్నియు దానినుండి వచ్చినవే. బండపై కట్టెలు పేర్చి మంట పెట్టి, వేడికి పై పొర ఉబ్బి విడివడగా, దానిని చీల్చి పలకలుగ తీయు విద్య దక్షిణదేశపు పీఠభూమిలో వడ్డెవారికి తరతరములుగ తెలిసినది. ఆ విద్యలో మంచి భౌతికశాస్త్రము కలదు: రాయి వేడిని నెమ్మదిగ లోనికి పోనిచ్చును గావున పై పొర వ్యాకోచించి, లోపొర చల్లగనే యుండి, రెంటి నడుమ చీలిక పుట్టును. ప్రదర్శనశాలలో గ్రానైటు ముక్క ప్రక్కన ఈ సంగతి వ్రాయబడిన, ఆ ముక్కకు నోరు వచ్చును. వట్టి ‘గ్రానైటు’ అని వ్రాసిన అది ఏ దేశపు గ్రానైటైనను కావచ్చును.

అప్పటి సేకరణకర్తలకు తెలియని సంగతి మరియొకటి కలదు. అది ఈ బండ వయస్సు. రేడియోధార్మికత 1896లో గాని కనుగొనబడలేదు. రాళ్ల వయస్సును యురేనియము సీసముల పాళ్లనుబట్టి లెక్కించు మార్గము ఇరువదవ శతాబ్దపు మొదటి సంవత్సరములలో వచ్చినది. నేడు జిర్కాను అను అతి చిన్న స్ఫటికములనుబట్టి కట్టిన లెక్కల ప్రకారము తూర్పు ధార్వాడ ప్రాంతపు నైసులు, గ్రానైటులు చాలవరకు 250 నుండి 270 కోట్ల సంవత్సరముల నాటివి. వానిని చీల్చుకొని వచ్చిన నల్లరాతి గోడలు, అనగా డోలరైటు డైకులు, కొన్ని సుమారు 237 కోట్ల సంవత్సరముల నాటివి. మదనపల్లె, పుంగనూరు ప్రాంతపు మైదానములో వరుసగ నల్లని గుండ్లు పేర్చినట్లు సాగిపోవు సన్నని గుట్టలు ఈ జాతివే. తెల్లబండలో పగులు పడగా లోతునుండి కరగిన శిలాద్రవము పైకి వచ్చి గట్టిపడినది. ఏది ముందు, ఏది వెనుక అను ప్రశ్నకు ఇచ్చట పుస్తకము అక్కరలేదు. కోయబడినది ముందుది, కోసినది వెనుకది. కాని తెల్లరాయి ఒక బీరువాలో, నల్లరాయి వేరొక బీరువాలో ఉన్నప్పుడు ఈ సాక్ష్యము ఎక్కడిది?

ఇదియే చెన్నపట్టణపు సేకరణపై మొదటి ఆక్షేపణ. ఖనిజములను రసాయన వర్గములనుబట్టియు, శిలలను అగ్నిశిలలు, అవక్షేపశిలలు, రూపాంతర శిలలు అను తరగతులనుబట్టియు అమర్చుట పందొమ్మిదవ శతాబ్దమునుండి ప్రదర్శనశాలలలో వచ్చుచున్న ఆచారము. చెన్నపట్టణపు శాలయు ఆ ఆచారములో పెరిగినదే. ఆ పద్ధతి తప్పని అనరాదు. ఖనిజమును గుర్తించుట నేర్చుకొనువానికి అది అవసరము. అక్షరములు నేర్వక పద్యము చదువలేము. కాని అక్షరములను విడదీసి పెట్టెలలో సర్దియుంచినంత మాత్రమున పద్యము వినబడదు.

ఈ మూడు ఊళ్లను వరుసగ పెట్టి చూచిన ఆ పద్యము వినబడును. దక్షిణ భారతపు శిలలలో ఒక గొప్ప క్రమము కలదు. ఉత్తరమునుండి దక్షిణమునకు పోవుకొలది, ఒకప్పుడు భూమిలో ఎక్కువ లోతున, ఎక్కువ వేడికి, ఒత్తిడికి గురియైన శిలలు బయటపడును. మదనపల్లె నుండి పుంగనూరు మీదుగ కుప్పము చేరి, అచ్చటనుండి కృష్ణగిరి వైపు దిగినచో, హార్న్‌బ్లెండు అభ్రకము గల నైసులు క్రమముగ వెనుకబడి, నీటి అంశము పోయి పైరాక్సీను అను ఖనిజము గల ముదురురంగు శిలలు ఎదురగును. కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతమున ఈ మార్పు జరుగు మేర ప్రపంచములోని భూవిజ్ఞానులందరికి తెలిసినదే. అనగా బస్సులో కొన్ని గంటల ప్రయాణము, భూమిలోపలికి అనేక కిలోమీటర్లు దిగుటతో సమానము. దీనిని చూపుటకు పది రాళ్లు చాలును. వానిని ఒకే బల్లపై ఉత్తరమునుండి దక్షిణమునకు వరుసగ పెట్టవలెను. అవే పది రాళ్లను తరగతులుగ చీల్చినచో ఒకటియు మాట్లాడదు.

ఆ ముదురురంగు శిల పేరు వెనుక ఒక కథ యున్నది. ప్రదర్శనశాలలకు అది మంచి పాఠము. కలకత్తా నగర స్థాపకుడని చెప్పబడు జాబ్ చార్నాక్ సమాధిపై ఒక రాతి పలక యున్నది. తామస్ హాలండ్ అను భూవిజ్ఞాని ఆ పలకను పరిశీలించి, అది బెంగాలు రాయి కాదనియు, చెన్నపట్టణము దగ్గరి పల్లావరము, పరంగిమల ప్రాంతపు రాయియనియు గుర్తించెను. 1893లో దానిని గూర్చి వ్రాసి, ఆ జాతి శిలకు చార్నొకైటు అని పేరుపెట్టెను. 1900లో ఆ శ్రేణి నంతటిని వివరముగ వర్ణించెను. వెయ్యి మైళ్లు ప్రయాణము చేసి, సమాధిరాయిగా మారి, రెండు వందల యేండ్లు ఎండకు వానకు గురియైన రాయి తన ఊరు చెప్పగలిగినది. చెప్పించుకొనగల కన్ను దొరకినందువలననే అది సాధ్యమైనది. అన్ని రాళ్లకును అట్టి అదృష్టము పట్టదు. గ్రానైటు ముక్క వందలకొలది చోట్ల ఒకే రీతిగ నుండును. దాని ఊరు చెప్పవలసినది దాని క్రింది చీటియే.

చీటి విషయమున పాత సేకరణలన్నిటికి ఒక జబ్బు కలదు. సేకరించినవానికి తాను నిలిచిన చోటు తెలియును. అందుచే ‘కడప జిల్లా’ అని వ్రాసి సరిపెట్టును. అతడు పోయిన పిమ్మట ఆ మాట ఎంత వెడల్పైనదో తెలిసివచ్చును. 1911కు పూర్వపు చీటిలో కడప జిల్లా అని యున్న గ్రానైటు మదనపల్లెది కావచ్చును, రాయచోటిది కావచ్చును. నేటి విద్యార్థి కడప అనగానే సున్నపురాతిని, నాపరాతిని తలచును. విలియం కింగు 1872లో ప్రకటించిన గ్రంథముతో ప్రసిద్ధికెక్కిన కడప శిలాశ్రేణి అదియే. ఆ శ్రేణి మదనపల్లె దాక రాదు. ఒకే జిల్లా పేరు క్రింద, వయస్సులో ఎన్నో కోట్ల సంవత్సరములు తేడాగల రెండు లోకములు ఇమిడియున్నవి. అట్లే ‘ఉత్తర ఆర్కాటు’ అను మాటలో పుంగనూరు బండయు, కుప్పము చెంతనుండు బంగారపు పట్టీయు, ఆర్కాటు మైదానమును కలిసిపోవును. జిల్లా సరిహద్దులు మారిన ప్రతిసారి పాత చీటి మరికొంత మూగయగును. 1911లో మారినవి, 2022లో ఆంధ్రప్రదేశములోని జిల్లాల పునర్విభజనలోను మారినవి. రాతికి జిల్లా లేదు. ఊరు, వాగు, గుట్ట, అక్షాంశ రేఖాంశములు మాత్రమే కలవు.

శాస్త్ర పదములును మారినవి. న్యూబోల్డు 1840 ప్రాంతమున దక్షిణ భారత భూవిజ్ఞానమును వ్రాయు కాలమున ‘సయనైటు’ అనగా హార్న్‌బ్లెండు గల గ్రానైటు. తరువాత ఆ మాటకు అర్థము బిగిసి, పలుగు లేని లేక మిక్కిలి తక్కువగల శిలకే నిలిచినది. పాత చీటిలో సయనైటు అని చూచి, నేటి అర్థములో చదువు విద్యార్థి తప్పుదారి పట్టును. ‘ట్రాపు’, ‘గ్రీన్‌స్టోను’ అను మాటల గతియు అంతే. దీనికి పాత చీటిని తీసివైచి క్రొత్తది అంటించుట మందు కాదు. అట్లు చేయుట దస్తావేజును చింపుటతో సమానము. పాత చీటి చేతివ్రాతతో సహా ఉండవలెను. దాని క్రింద నేటి పేరు, నేటి ఊరు చేరవలెను. చూడవచ్చినవానికి రెండును కనబడినచో, శాస్త్రము ఎట్లు తన మాటను తానే దిద్దుకొన్నదో గూడ తెలియును.

ఇక కుప్పము. ఇచ్చట విషయము మిగిలిన రెండు ఊళ్ల వంటిది కాదు. కోలారు బంగారు గనుల శిలాపట్టీ ఉత్తర దక్షిణములుగ సుమారు 80 కిలోమీటర్లు సాగియున్నది. వెడల్పు కొద్ది కిలోమీటర్లు మాత్రమే. చుట్టునున్న తెల్లని నైసుల నడుమ ముదురు ఆకుపచ్చ, నలుపు కలిసిన హార్న్‌బ్లెండు శిలలతో అది పొడవైన అంచు పేటువలె కనబడును. ఇట్టి పట్టీలను చుట్టుపట్ల నైసులనుండి వేరుచేసి ధార్వాడ శ్రేణి అని పేరుపెట్టినవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. కోలారు పట్టీ దక్షిణపు తోక కుప్పము సమీపమున చిగురుకుంట, బిసానత్తము, మల్లప్పకొండల మీదుగ పోవును. కోలారు గనులు మైసూరు సంస్థానములోనివి. 1802లో లెఫ్టినెంటు వారెను అచ్చట బంగారము కలదని విని గ్రామస్థుల చేత మట్టి కడిగించి చూచెను. 1880 తరువాత జాన్ టేలరు కంపెనీ యాజమాన్యమున అవి వృద్ధి పొందినవి. సరిహద్దు కివతల మద్రాసు ప్రభుత్వమునకు దక్కినది ఆ తోక మాత్రమే. కనుకనే ప్రభుత్వ ఖనిజ శాస్త్రజ్ఞుడైన పి. బాస్వర్త్ స్మిత్ కోలారు గనులను, వాని దక్షిణపు సాగుదలను గూర్చి వ్రాసిన నివేదిక 1889లో మద్రాసులోనే ముద్రితమైనది.

బంగారపు రాయిని ప్రదర్శించుటలో శాలలన్నియు ఒక పొరపాటు చేయును. కంటికి బంగారము కనబడు ముక్కనే ఎన్నుకొనును. చూడవచ్చినవాడు గనిలో రాయి అంతయు అట్లే మెరయుననుకొని పోవును. నిజమునకు టన్ను రాతికి 5 గ్రాముల బంగారము గల గనిని మంచి గని యందురు. ఆ లెక్కన ఒక కిలోగ్రాము ముక్కలో ఉండునది 5 మిల్లీగ్రాములు. అది కంటికి ఆనదు. పైగా చిగురుకుంట, మల్లప్పకొండల రాతిలో బంగారము పైరోటైటు వంటి గంధక ఖనిజములతో పెనవైచుకొని యుండును. చూచుటకు మెరయునది ఆ గంధక ఖనిజములే; విలువ గలది మెరయక దాగియుండును. కావున అట్టి నమూనా క్రింద టన్నుకు ఎంత బంగారమో తెలుపు అంకె లేనియెడల అది నమూనా కాదు, అలంకారము. బడిపిల్లలు బంగారమని తెచ్చు పసుపు మెరుపు రాయి తరచుగ పైరైటు. దానిని కత్తితో గీయలేము. పింగాణీపై రుద్దిన ఆకుపచ్చ కలిసిన నల్లని చార పడును. బంగారము కత్తికి తెగును, పసుపు చారనే ఇచ్చును. ఈ పరీక్షను అద్దము వెనుకనున్న రాతిపై చేయలేము.

ఈ పాత నమూనాల విలువ 2001 తరువాత పెరిగినది. ఆ సంవత్సరము కోలారు గనులును, వానితోపాటు భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ నడపిన చిగురుకుంట గనియు మూయబడినవి. చిగురుకుంట, బిసానత్తము నిక్షేపమును వేలము ద్వారా మరల త్రవ్వించు ప్రయత్నములు తరువాత జరిగినవి. కాని కోలారులో మూడు కిలోమీటర్లకు మించిన లోతుననుండి వచ్చిన రాయి మరల రాదు. సొరంగములు నీట మునిగినవి. మదనపల్లె గ్రానైటు ముక్క పోయినచో రేపు మరియొకటి తెచ్చుకొనవచ్చును. ఏ లోతున, ఏ పట్టీలో తీసినదో తెలిసిన గనిరాయి పోయినచో తిరిగి తెచ్చుట ఎవరి తరము కాదు. శాలలో ఏది జాగ్రత్తగ కాపాడవలెనో నిర్ణయించునప్పుడు అందము కంటె ఈ విషయమునకు ముందు చోటు ఇయ్యవలెను. గంధక ఖనిజములు గల రాళ్లకు తేమయు శత్రువే. గాలిలోని తేమతో అవి మెల్లగ ఆక్సీకరణము పొంది, ఆమ్లము విడిచి, తామును పొడియై, తమ చీటిని గూడ తినివేయును. సముద్రపు గాలి తగులు ఊరిలో ఇది చిన్న భయము కాదు.

అదే శాలలో ఈ లోపములకు విరుగుడు చూపు మాదిరి మరియొక గదిలో ఉండుట విచిత్రము. బ్రూస్ ఫుట్ తన జీవితమంతయు పోగుచేసిన రాతియుగపు పనిముట్లను 1904లో ప్రభుత్వము కొని శాలలో చేర్చినది. 1863 మే నెలలో పల్లావరమున దొరికిన రాతి గొడ్డలితో అతని అన్వేషణ మొదలైనది. ఫుట్ 1912లో మరణించెను. అతడు సిద్ధపరచిన పట్టిక 1914లోను, ఆ వస్తువుల కాలమును, దొరికిన ప్రదేశములను గూర్చిన సంపుటము 1916లోను వెలువడినవి. అతనికి చోటే ముఖ్యము. ఏ వాగు ఒడ్డున, ఏ గుట్ట క్రింద దొరికినది అనునది వస్తువుతోపాటే నడచును. అతడు భూవిజ్ఞాని గనుకనే పురావస్తువులకు ఆ మర్యాద దక్కినది. ఆ మర్యాద రాళ్లకే పూర్తిగ దక్కకుండుట చూచువారికి కొంత నవ్వు పుట్టించును. ఫుట్ పట్టికను దగ్గర పెట్టుకొని, శిలల పట్టికను అదే పద్ధతిని తిరిగి వ్రాయుట అసాధ్యమైన పని కాదు. పాత నివేదికలు, సేకరణకర్తల ప్రయాణ మార్గములు కలిపి చూచిన, ‘కడప జిల్లా’ అను చీటీలలో కొన్నిటికైనను ఊరు దొరకును.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినప్పుడు చెన్నపట్టణపు శాల అచ్చటనే నిలిచినది. అమరావతి శిల్పములు అచ్చట నుండిపోయినవని తెలుగువారు నేటికిని చింతించుచుందురు. రాళ్లను గూర్చి చింతించినవారు లేరు. ఇందులో కొంత న్యాయమున్నది: శిల్పము ఒక్కటే, శిలకు కొండ యున్నది. కాని కొండ ఉన్నను, మదనపల్లె విద్యార్థి తన బండను గూర్చి తెలిసికొనుటకు 250 కిలోమీటర్లు పోవలసివచ్చి, అచ్చటను దాని చీటి చదివి ఊరు పోల్చుకొనలేకపోయిన, రెండు చోట్లను నష్టపోయినవాడగును. పాత శాల చేయగల మేలు రాళ్లను తిరిగి పంపుట కాదు. అవి ఒకచో ఉండుటయే మంచిది. పట్టికను పూర్తిగ ప్రకటించుట, ఊరు తెలిసిన ప్రతి నమూనాకు ఛాయాచిత్రము చేర్చుట, పాఠశాలలు అడిగిన ఆ వివరములు దొరకునట్లు చేయుట, ఇవి చాలును.

పాఠశాల వైపునుండి చూచినను లోపమున్నది. శాలలో రాతిని తాకరాదు. తరగతిలో తాకకుండ రాతిని నేర్పరాదు. గ్రానైటు సాంద్రత సుమారు 2.65, నల్లని డోలరైటు సుమారు 3. ఒకే పరిమాణము గల రెండు ముక్కలను చేతులలో పట్టుకొన్న ఎనిమిదవ తరగతి బాలుడు ఆ తేడాను త్రాసు లేకయే చెప్పగలడు. పిమ్మట వానిని నీటిలో తూచి ఆర్కిమిడీసు సూత్రముతో సరిచూచుకొనగలడు. వాన వెలిసిన పిమ్మట వాగు ఇసుకలో అయస్కాంతము త్రిప్పిన నల్లని రేణువులు అంటుకొనును. అది మాగ్నటైటు, సాంద్రత సుమారు 5.2. ఈ పీఠభూమిలో ఒకప్పుడు కొలిమివారు ఇట్టి నల్లయిసుకను బొగ్గుతో కరగించియే ఇనుము తీసిరి. బాల్ఫర్ 1855లో అడిగిన ప్రశ్నకు సంబంధించిన వస్తువు నేటికిని మదనపల్లె బాహుదా వంటి ఏటి ఇసుకలో వెదకదగినది. గుడి రాళ్లను, శాసనముల బండలను సుత్తితో తాకరాదనియు, కుప్పము ప్రాంతపు పాడుపడిన గని గుంటల చెంతకు పోరాదనియు పిల్లలకు ముందుగ చెప్పితీరవలెను.

చీటీలపై పేర్ల విషయము ఒకటి మిగిలినది. తెలుగు దేశములో రాళ్లకు పేర్లు లేక కాదు. పలుగురాయి, బలపపురాయి, సుద్ద, అభ్రకము, నాపరాయి, చలువరాయి, సున్నపురాయి అనునవి అందరికి తెలిసినవే. బలపపురాయి అనగానే పలకపై వ్రాసిన తరము దాని మెత్తదనమును వ్రేళ్లతో గుర్తు తెచ్చుకొనును. టాల్కు కాఠిన్యము మోసు మానములో 1 అని వేరుగ వల్లెవేయ నక్కరలేదు. పలుగుతో గాజును గీయవచ్చునని పశువులు కాయు పిల్లవానికిని తెలియును. ఆ మానములో దాని అంకె 7. బాల్ఫర్ తన విజ్ఞానసర్వస్వములో దేశభాషల పేర్లను వదలలేదు. అతడు పెంచిన శాలలో రాతి క్రింద ఆ పేర్లు ఉండుట అతని పద్ధతికి విరుద్ధము కాదు. కుప్పము దగ్గరనుండి వచ్చిన ముక్క క్రింద చీటి వ్రాయవలసివచ్చిన, శిల పేరు శాస్త్రభాషలోను తెలుగులోను, ఊరు, వాగు, గనియైనచో లోతు, సేకరించిన సంవత్సరము, సేకరించినవాని పేరు, టన్నుకు బంగారము ఎంతయను అంకె, ఇంత వ్రాయుటకు ఒక పోస్టుకార్డు సగము చాలును.